మంట లేని పరీక్ష

మా కేంద్రంలో రాకెట్ ఇంజన్‌ని మండించి చూసి పదకొండేళ్లయింది. కంప్యూటర్ లెక్కగట్టి 'పరీక్ష విజయవంతం' అంటుంది, మా డైరెక్టర్ శేషగిరి గారు సంతకం పెడతారు. ఇంజన్లు మండించే చోట క్యాంటీన్ వాళ్లు వడియాలు ఎండబెట్టుకుంటున్నారు. సంతకానికి ముందు కొబ్బరికాయ కొట్టడం మాత్రం మానలేదు. మంట లేని పరీక్షకు హారతి కూడానూ!

చంద్రుడి మీదికి ప్రయాణికుల్ని తీసుకెళ్లే ఈ కొత్త ఓడ ఇంజన్‌నైనా ఒక్కసారి మండించి చూద్దామని మీటింగులో అడిగాను.

"ఇంకా ఆ పొగ మీద మోజు తీరలేదా మందాకిని గారూ?" అని శేషగిరి గారు నవ్వారు. ఇరవైమంది మేనేజర్లూ నవ్వారు. వాళ్లలో ఒక్కడూ ఇంజన్ మోత చెవితో విన్నవాడు కాడు.

సాయంత్రం ఆయన నా గదిలోకొచ్చి తలుపు వేశారు.

"సోమవారం మా అమ్మాయి కొత్త ఓడలో చంద్రుడి మీదికి వెళ్తోంది. మీరు మండించి చూసిన ఇంజన్లు ఏ ఓడకైనా మిగిలాయాండీ?"

"ఒక్క పాతదానికున్నాయి సార్."

"టికెట్ దాన్లోకి మార్పించండి. ఎవరికీ చెప్పకండి."

మార్పించాను. ఫారంలో 'కారణం' అన్నచోట ఇలా రాశాను: 'కొత్త ఓడ ఇంజన్లు భేషని సంతకం పెట్టింది ఈ అమ్మాయి తండ్రే.'

ఆ కాగితం నకలు ఇప్పుడు ప్రయాణికుల నోటీసు బోర్డు మీద ఉంది.