ఆరు దాటాకే

"బయటికి రావే, యులాలియా! ఇంకా ఆరు కాలేదు!" అని అరిచింది నా స్నేహితురాలు రొసౌరా.

పెరూలోని లిమా దగ్గర తను సభ్యురాలైన క్లబ్బు బీచ్‌లో పనివాళ్లు సాయంత్రం ఆరు దాటాకే సముద్రంలో దిగాలి. రొసౌరా ఇంటి ఆయా యులాలియా మిట్టమధ్యాహ్నం నడుము లోతు నీళ్లలోంచి నాలుగేళ్ల మికాయెలాను ఎత్తుకుని వచ్చింది. పాప దగ్గుతోంది.

పాప తల్లి రొసౌరా, నేను గొడుగు కింద కూర్చుని ఒక పాత నవల చదువుకుంటున్నాం. అందులో చలికి వణికే పనిపిల్ల కోసం రొసౌరా అప్పుడే కళ్లు తుడుచుకుంది.

"పాప మునిగిపోయిందమ్మా," అంది యులాలియా. తడిసిన యూనిఫాం ఒంటికి అంటుకుపోయింది.

"ఒడ్డు నుంచి కేకేస్తే సరిపోయేది కదా!"

కాపలాదారు వచ్చాడు. "ఈమె పాసు రద్దు చేయాలి, సెన్యోరా. పాప ప్రాణం మీదికొచ్చిందని మీరు చెబితే వదిలేస్తాను."

పాసు పోతే యులాలియా ఉద్యోగం పోయినట్టే.

రొసౌరా నవ్వింది. "ప్రాణం మీదికా? నేను చూస్తూనే ఉన్నానుగా. మోకాలి లోతు నీళ్లు."

పాప మునిగినప్పుడు తను పుస్తకంలోంచి తలైనా ఎత్తలేదు. అది పచ్చి అబద్ధం.

యులాలియా నావైపు తిరిగింది. "మీరు చూశారుగా, సెన్యోరా. చెప్పండమ్మా."

చూశాను. పాప జుట్టు కూడా కనబడకుండా అల కప్పేయడం చూశాను. కాని వచ్చే వేసవికి నాకీ క్లబ్బులో సభ్యత్వం ఇప్పిస్తానంది రొసౌరా.

"నేను చదువుతున్నాను, యులాలియా," అన్నాను పేజీలోకి చూస్తూ. "ఏమీ చూడలేదు."