కాగితంలో లేని ప్రార్థన

“ఎవరూ కళ్ళు తెరవకండి.”

ఆ మాట కాగితంలో లేదు. మధులత నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

తాటాకుల పందిరి కింద నలుగురు ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని ఆమెకు ఎదురుగా కూర్చున్నారు. పందిరికి గోడల్లేవు, నాలుగు గుంజలే. వాళ్ళ వీపుల వెనక, పది అడుగుల దూరంలో, ఇప్పచెట్టు కింద రాలిన పూలను ఎలుగుబంటి ఒకటి మూతితో ఏరుకుంటోంది.

ఈ చర్చి ఉపవాస దినాల్లో రోజూ పొద్దున్నే వచ్చి ధ్యానం చేయించేది రోజారాణి అమ్మగారు. ఈ రోజు పాల్వంచ నుంచి బస్సు రాలేదు. “కాగితం నీ దగ్గరనే ఉన్నది గద, నువ్వే చదివి చేపియ్యి బిడ్డా,” అని ఫోన్‌లో చెప్పింది. నలుగురి ముందు నోరు విప్పాలంటేనే చెమటలు పట్టే పిల్ల మధులత. ఇప్పుడు పట్టింది ఆ చెమట కాదు.

అరిస్తే అందరూ ఒక్కసారే లేస్తారు. బెదిరిన ఎలుగుబంటి ఉరికేవాళ్ళ మీదికే వస్తుందని ఈ అడవి పక్కన పెరిగినవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. యశోద ఒళ్ళో అయిదు నెలల పసిబిడ్డ ఉంది. ఆమె కొంగు కిందికి జారి, ఇప్పచెట్టు వైపే పరుచుకుని ఉంది.

“ఊపిరి నెమ్మదిగా పీల్చుకోండి,” అంది మధులత. “నెమ్మదిగా వదలండి. చప్పుడు రాకుండా.”

“ఏంది పిల్లా, ఇది నాలుగోసారి,” రామక్క కళ్ళు మూసుకునే సణిగింది. “అమ్మగారు మూడుసార్లకే ఆపుతది. గింత గాలి మింగితే గాలిబుగ్గ లెక్క ఎగిరిపోత నేను.”

యశోద కిసుక్కున నవ్వింది.

ఎలుగుబంటి తలెత్తింది.

మధులత గొంతు తగ్గించింది. “రామక్కత్తా, మాట్లాడకు. నీ పక్కన యేసయ్య కూసున్నడు. జర ఆయన మాట విను.”

“సరే తల్లీ, సరే. ఆయన ముంగట నేనెంత?” రామక్క నోరు మూసుకుంది.

ఎలుగుబంటి గాలిని వాసన చూసింది. రెండడుగులు పందిరి వైపు వేసింది. ఎండుటాకుల మీద దాని గోళ్ళు గీసుకున్నాయి. ఇంకో నాలుగడుగులు వేస్తే యశోద కొంగు మీదికి వస్తుంది.

కాగితంలో అక్షరాలు అలుక్కుపోయాయి. మధులత దాన్ని ఒళ్ళో పెట్టేసింది.

“చేతులు కదపకండి. యశోదక్కా, బిడ్డను రొమ్ముకు హత్తుకో. అట్లనే. ఇప్పుడు మనసులోనే అడుగుదాం. దేవా, మేము అయిదుగురం నీ చేతుల్లో ఉన్నాం. బిడ్డతో ఆరుగురం. ఎవ్వరినీ వదిలిపెట్టకు.”

పది రోజులుగా వింటున్న మాటల్లాంటివే. నిజంగా అడగడం మాత్రం ఇదే మొదలు.

అప్పుడు చూసింది ఎర్రమ్మను. చివర కూర్చున్న ఆ ముసలామె కళ్ళు తెరిచే ఉంది. రెప్ప వేయకుండా మధులత వైపే చూస్తోంది. ఆకుల చప్పుడు విని ఉంటుంది, అనుకుంది మధులత. ఇప్పుడామె తల తిప్పి చూసి ఒక్క కేక పెట్టిందంటే అందరి పనీ అయిపోతుంది.

“కళ్ళు తెరిచినవాళ్ళు మళ్ళీ మూసుకోండి,” అని బతిమాలినట్టు అంది.

ఎర్రమ్మ మూయలేదు. మోకాలి మీది కుడిచెయ్యి కొంచెం పైకెత్తి, అరచెయ్యి కిందికి చూపింది. కదలకు అన్నట్టు. తర్వాత రెండు వేళ్ళు ఆడించింది. ఆపకు, చెబుతూనే ఉండు అన్నట్టు.

మధులతకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. తనొక్కతే కాదు, ఇంకొకరికి కూడా తెలుసు.

“కిన్నెరసాని ఒడ్డున ఆయనతో నడుస్తున్నాం అనుకోండి,” అంది. “కాళ్ళ కింద ఇసుక చల్లగా ఉంది. మనకు తొందరేం లేదు. ఆయన ఎంత మెల్లగా నడిస్తే మనం అంత మెల్లగా నడుద్దాం.”

పసిబిడ్డ ఒకసారి మూలిగింది. యశోద అలాగే హత్తుకుంది. ఎలుగుబంటి బుస్సుమని గాలి వదిలి, చాలాసేపు నిలబడింది. చివరికి వెనక్కి తిరిగి, ఇప్పచెట్టు దాటి, పొదల్లోకి నడిచిపోయింది.

మధులత ఆమెన్ అనబోయింది. ఎర్రమ్మ చెయ్యి ఇంకా కిందికి దిగలేదు.

ముసలామెది ఎంత జాగ్రత్త, అనుకుంది. మళ్ళీ ఊపిరి పీల్చమంది, వదలమంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అప్పుడు ఎర్రమ్మ చెయ్యి మోకాలి మీద వాలింది.

“ఆమెన్.”

“ఆమెన్,” అంటూ రామక్క ఒళ్ళు విరుచుకుంది. “ఇయ్యాల మనసు దూదిలెక్క అయ్యింది పిల్లా. రేపు గూడ అమ్మగారి బస్సు రాకపోతే బాగుండు.”

మధులత చాప మీద పాకుతూ వెళ్ళి ఎర్రమ్మ ఒళ్ళో తల పెట్టేసింది.

“పెద్దమ్మా, ఎట్ల ఉన్నవ్ అట్ల? గుడ్డెలుగు నీ ఎనకనే నిలబడ్డది. నువ్వు తిరిగి చూస్తవేమోనని నా పానం పోయింది.”

ఆమె తల నిమరబోయిన చెయ్యి గాల్లోనే ఆగింది. ఎర్రమ్మ మెల్లగా మెడ తిప్పి ఇప్పచెట్టు వైపు చూసింది.

“నా ఎనక గూడ ఒకటుండెనా బిడ్డా? నేను నీ ఎనకదాన్నే చూసుకుంట కూసున్న!”