తెరచాప పడవ పాఠం

“మాస్ట్ అంటే ఏంది సార్?” అని గంగామణి అడిగింది.

“తెరచాపను నిలబెట్టే కొయ్య.”

“టిల్లర్ అంటె?”

“చుక్కానిని తిప్పే చేతికర్ర. ఇవన్నీ నీకెందుకమ్మా?”

ఆమె బీడీలు చుట్టి బతుకుతుంది. ఆమె కొడుకు భూమేష్ నా దగ్గర ఫిజిక్స్ చదివాడు. కాలేజీ తరఫున తెరచాప పడవల శిక్షణకు ఎంపికైన నెలలోనే బోధన్ రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు.

“దినాం కలలకొస్తుండు సార్. గీ మాటలే జెప్తుండు. నన్ను ఏమన్న అడుగుతుండేమోనని భయమైతుంది. బతికున్నప్పుడు వాడు ఏం జెప్పినా తలకాయ లేపి సూడలే. చాటల కండ్లు పెట్టి బీడీలే చుట్టిన.”

“వచ్చేది అతను కాదమ్మా. నీ పక్కన కూర్చుని పాఠం వల్లించి ఉంటాడు. చెవిన పడింది నీ మెదడులో నిలిచిపోయింది. నిద్రలో అదే పైకి వస్తోంది.”

ఆమె తలెత్తి నా వైపు చూసింది.

“అంటె, నేను ఇన్ననా సార్?”

“వినకపోతే ఈ మాటలు నీకెలా వస్తాయి?”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. “గిప్పుడు సమజైంది గద. ఇగ కలలకు రాడా మరి?”

నలభై ఏళ్లు సైన్సు చెప్పిన నేను ఒక కుర్చీ లాగి ఆమె ముందు వేశాను.

“పడవకు ఇంకా చాలా భాగాలున్నాయి. కూర్చో, చెబుతాను,” అన్నాను.

ఆమె కూర్చుంది. “నిమ్మలంగ జెప్పుండ్రి సార్. వాడు తప్పు జెప్తె నేను దిద్దాలె.”