రంపం మోత

“ఆపు బావా! ముందా మిషన్ ఆపు!”

షెడ్డు గుమ్మంలో నిలబడి డ్రైవరు గొంతు చించుకున్నాడు. లోపలున్న వెల్డరుకు వినపడితే కదా! అతను దుంగ మీదకు వంగి, చెయిన్ రంపాన్ని రెండు చేతులతో ముందుకు నెడుతున్నాడు. షెడ్డంతా పొగ, రంపపు పొట్టు. ఇక లాభం లేదని డ్రైవరు దగ్గరికెళ్లి భుజం మీద చరిచాడు. వెల్డరు ఉలిక్కిపడి మిషన్ ఆపాడు. అటు తిరిగి మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఇటు తిరిగి నవ్వాడు.

“ఎప్పుడొచ్చారు బావగారూ? బస్సు దారి తప్పిందా ఏంటి?”

“వేళాకోళాలకేం తక్కువ లేదు. పక్క గదిలో నా చెల్లెలు మంచాన పడి ఉంది, గుర్తుందా? ఆశ వదులుకోమని డాక్టరు నీ ముందే చెప్పాడు. ఉన్న నాలుగు రోజులైనా దాన్ని ప్రశాంతంగా ఉండనివ్వవా?”

“బల్ల కావాలంది.”

“ఏం బల్ల?”

“కిటికీ పక్కన వేసుకోవడానికి. లేచాక దాని మీద కూర్చుని వీధి చూస్తుందట. కొనుక్కొస్తానంటే ఒప్పుకోలేదు. దుంగ కోతమిల్లుకు వేస్తానన్నా ఊరుకోలేదు. ‘నువ్వే కోసి, నువ్వే చేసిపెట్టు’ అని ఒకటే పట్టు.”

డ్రైవరు తల కొట్టుకున్నాడు. బస్సు నడపడంలో ఎంత నిదానమో, ఇంటి విషయాల్లో అంత తొందర ఆయనకు. అయినా ఇంజను కనిపిస్తే కళ్లు అటు పోకుండా ఉండవు. అది కనిపెట్టిన వెల్డరు తన పనితనం చూపించడం మొదలుపెట్టాడు.

“పాత మంచం కోళ్లకున్న ఇనప యాంగిళ్లు కోసి ఈ చట్రం అతికాను. రంపం బ్లేడును ఇక్కడ బోల్టులతో బిగించాను. దుంగ గుండ్రంగా ఉంటుంది కదా, మొదటి కోతకు చదును ఎక్కడిది? అందుకని మన నిచ్చెన దుంగ మీద పెట్టి మేకులు కొట్టి, దాని మీద చట్రాన్ని జరిపాను. ఒక్కసారి చదును పడ్డాక నిచ్చెనతో పనే లేదు. కోసిన ముఖం మీదే చట్రం నడుస్తుంది. బజార్లో దొరికే రంపపు గొలుసు అడ్డకోతకే బాగుంటుంది. నిలువునా కోయాలని ఒక్కో పన్నూ ఆకురాయితో మళ్లీ అరగదీశాను.”

“బాగానే ఉంది సంబడం. మరి ఇవేంటి?”

గోడ వారన చెక్కలు. ఈ మూల నుంచి ఆ మూలదాకా నిలబెట్టి ఉన్నాయి. నాలుగిళ్లకు తలుపులు చేయొచ్చు.

“ఒక్క బల్లకు ఇన్ని చెక్కలా?”

“కోసినప్పుడల్లా మంచం దగ్గరికి మోసుకెళ్లి చూపిస్తాను బావగారూ. చేత్తో తడిమి చూస్తుంది. ఒకటి పలచన అంటుంది. ఒకదానికి ముడి ఉందంటుంది. నిన్నటిదానికి రంగు నచ్చలేదు.”

“జబ్బు మనిషి ఏదో అంటుంది. నీ బుద్ధి ఏమైంది?”

“పెళ్లైనప్పటి నుంచీ నన్ను ఇది కావాలని అడిగిన మనిషి కాదు. ఇన్నాళ్లకు ఒక్కటి అడిగింది. ఇది కూడా...” మాట సగంలో ఆపేసి వెల్డరు చీల పట్టుకున్నాడు. రంపం కోసినంతమేరా దుంగ మూసుకుపోకుండా ఆ సందులో చీల పెట్టి సుత్తితో కొట్టాడు. కొట్టాల్సిన దానికన్నా రెండు దెబ్బలు ఎక్కువే కొట్టాడు. అతని కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పెట్రోలు పొగ అంటే మాటలా అనుకున్నాడు డ్రైవరు.

ఆ అనుకోవడంతోనే వంగి, పక్కనున్న పానాతో మిషన్ స్పార్క్ ప్లగ్ విప్పి, గుడ్డలో చుట్టి జేబులో వేసుకున్నాడు.

“బావగారూ!”

“నేను ఉన్నన్నాళ్లూ ఈ మోత వినపడటానికి వీల్లేదు. అంతే.”

డ్రైవరు పక్క గదిలోకెళ్లి చెల్లెలి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎముకలకు దుప్పటి కప్పినట్టుంది ఆమె. చూడలేక ఆయన కిటికీ వైపు చూశాడు.

కాసేపటికి వెల్డరు మొహం కడుక్కుని వచ్చాడు.

“విన్నావా, మీ అన్నయ్య పెద్ద దొంగ. నా మిషన్ ప్రాణం తీసి జేబులో వేసుకున్నాడు.”

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. తలగడ ఎత్తు సరిచేశాడు. నీళ్లు తాగించి మూతి తుడిచాడు. పక్కింటావిడ చీర పిల్లి చించిన సంగతి అభినయించి మరీ చెప్పాడు. మళ్లీ తలగడ సరిచేశాడు. ఇక చేయడానికేమీ లేక గది మధ్యలో చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. పెదవి అదిరింది. వెంటనే దాన్ని పళ్లతో నొక్కిపట్టి, “పాలు వేడి చేసి తెస్తా” అని వంటింట్లోకి నడిచాడు.

ఆమె తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత అన్నయ్య చెయ్యి పట్టుకుంది.

“అది ఇచ్చెయ్ అన్నయ్యా.”

“నీకోసమే కదే ఆపించింది! చెవులు పగిలిపోతుంటే ఎలా భరిస్తున్నావే తల్లీ? ఆ బల్లేదో నేను కొని పంపిస్తాను. ఎలాంటిది కావాలో చెప్పు.”

ఆమె వంటింటి వైపు చెవి పెట్టి, గొంతు తగ్గించింది.

“ఈ మంచం దిగని దానికి నాకు బల్లెందుకన్నయ్యా? అడిగింది ఆ మోత కోసం. అది ఉంటే నాకు వినపడదనుకుని, ఆయన గొంతు విప్పి ఏడుస్తాడు.”