ఒక్క గీత కూడా పడకూడదు

"బిగించు. ఇంకా. ఇంకా బిగించవయ్యా, అదేమన్నా నీ నిక్కరు బొందా?" అన్నాడు ఆర్విడ్.

వెండెల్ పళ్లు బిగబట్టి పట్టీని మరో రెండు మెట్లు లాగాడు. మామగారి ముందు నోరెత్తే పరిస్థితి కాదతనిది.

అద్దె ట్రైలరు మీద ఉన్నది ఆర్విడ్ జీపు. ముప్ఫై ఒక్క ఏళ్లు రోడ్డన్నది లేని చోట్ల, అడవిలో, బురదలో తిరిగిన బండి. వారం రోజులు కూర్చుని దానికి ఎర్ర రంగు వేశాడాయన. అడుగు భాగానికి కూడా వేశాడు. సరస్సు పండుగ కమిటీ ఏటా ఒక్క బండినే ఎంచుకుంటుంది. నాలుగేళ్లు వాళ్ల వెంటపడితే ఈ ఏడు ఆయన వంతు వచ్చింది.

"రెండు నెలలు ఊరి కళ్లన్నీ దీని మీదే. ఒక్క గీత పడిందా, నేను తలెత్తుకు తిరగలేను."

"పడదు మావయ్యా."

"పడవప్పుడూ ఇదే అన్నావు."

నిజమే. రెండేళ్ల కిందట వెండెల్ ఇలాగే మామగారి పడవను ట్రైలరు మీద తీసుకెళ్తూ కొక్కెం సరిగ్గా వేయలేదు. పల్లంలో ఒక పడవ వాళ్లెక్కిన పికప్పు బండిని దాటుకుని ముందుకు వెళ్లిపోయింది. "అచ్చం మన పడవలాగే ఉంది మావయ్యా" అన్నాడు వెండెల్, అదేదో వింతైనట్టు.

ఆ రోజు నుంచీ శనివారాలు చేపల గుడిసెలో అతనికి చోటు లేదు. బావమరుదులంతా అక్కడ గాలం వేసుకుని పేకాడుతుంటే, ఇతనొక్కడూ ఇంట్లో అత్తగారి అల్లికకు ఉన్ని ఉండలు చుడుతుంటాడు. ఈ జీపు గీత పడకుండా చేరితే మళ్లీ గుడిసెలోకి రానిస్తానని ఆర్విడ్ మాటిచ్చాడు.

అద్దె కొట్టువాళ్లిచ్చిన కాగితాన్ని ఆర్విడ్ పైకి చదివాడు. "గొలుసులు కత్తెర వేసినట్టు ఉండాలి. ప్రతి చక్రానికీ పట్టీ ఉండాలి. పది మైళ్లకోసారి ఆగి చూడాలి. బరువు ముందువైపు ఎక్కువుండాలి."

"ముక్కు ముందుకే పెట్టాను మావయ్యా."

బయలుదేరారు. పికప్పు నడిపేది వెండెల్. ఎనిమిదో మైలు దగ్గర ట్రైలరు తోక ఆడించడం మొదలుపెట్టింది. ఎడమకీ కుడికీ ఊగుతోంది. ఎదురుగా కలప లారీ.

"బ్రేకు తొక్కకు!" అని కేక పెట్టాడు ఆర్విడ్.

వెండెల్ తొక్కలేదు. స్టీరింగు నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లగా తీశాడు. ఊపు తగ్గింది. లారీ వెళ్లిపోయింది. పికప్పు ఒక ఫలహారశాల ముందు ఆగింది.

"బరువు ముందుకే ఉందన్నావు కదయ్యా! ఇంజను ఎటువైపుంది?"

"ఇంజనా?" అన్నాడు వెండెల్. "ఇంజను మన షెడ్డులో ఉంది మావయ్యా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంజనూ, ఆయిలూ, పెట్రోలు ట్యాంకూ తీసేసి తేవాలని కమిటీ నియమం. తీసింది ఆర్విడే. ఇంజను లేని ముక్కు తేలికైపోతుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

లోపల కాఫీ తాగుతున్న ఆరుగురు బయటికి వచ్చారు. జీపును దింపి, తిప్పి, వెనక్కి నెట్టి ఎక్కించారు. వాళ్లలో ఒక ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఈ ఏటిది ఇదేనా?"

"ఇదే," అన్నాడు ఆర్విడ్.

"ఎంత ముచ్చటగా ఉందయ్యా!"

ఆ తరువాత పది మైళ్లకోసారి ఆగారు. వెండెల్ పట్టీలు బిగిస్తుంటే ఆర్విడ్ చేతిరుమాలుతో బండి తుడిచాడు.

"మంచు కరగాలని రోడ్డంతా ఉప్పు చల్లారు వెధవలు. తుప్పు పట్టిపోదూ?"

అరవై మైళ్లకు నాలుగు గంటలు పట్టింది. సరస్సు ఒడ్డున జీపును దింపాక, ఆర్విడ్ కళ్లద్దాలు పెట్టుకుని దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి అడుగు కూడా చూశాడు. వెండెల్ ఆయన వెనకే తిరిగాడు.

"గీత లేదు," అన్నాడు ఆర్విడ్ చివరికి. అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "శనివారం గుడిసెకి రా. వచ్చేటప్పుడు కాఫీ తీసుకురా."

వెండెల్‌కు కళ్లు చెమర్చాయి. సంతోషం పట్టలేక మామగారిని కౌగిలించుకున్నాడు. ఆయన కాసేపు ఓర్చుకున్నాడు.

కమిటీవాళ్లు జీపు ఇరుసుకు పొడవాటి గొలుసు కట్టి, గడ్డకట్టిన సరస్సు నడిమధ్యకు దాన్ని లాక్కెళ్లి నిలబెట్టారు. గొలుసు రెండో కొస ఒడ్డునే ఉంది. ఎర్ర జీపు తెల్లటి మంచు మీద మెరిసిపోతోంది. ఒడ్డున చేరిన జనమంతా చప్పట్లు కొట్టారు.

కమిటీ బల్ల దగ్గర ఊళ్లోవాళ్లంతా వరుసలో నిలబడి పందెం చీటీలు తీసుకుంటున్నారు. మొదటి చీటీ జీపు యజమానికే ఇచ్చారు. ఆర్విడ్ కాసేపు ఆలోచించి, పెన్సిలు మొనను నాలుకతో తడి చేసుకుని, "ఏప్రిల్ పదిహేడు, మధ్యాహ్నం రెండుంపావుకు మంచు విరిగి నా జీపు బుడుంగున మునుగుతుంది" అని రాశాడు.