గంగమ్మ పుంజు

తెల్లారేసరికి పుంజు పెరట్లోని మెంతికూర మడినంతా గీరి పడేసింది. ఇన్నాళ్లూ కట్టె పట్టుకుని దాన్ని తరిమింది ఆరేళ్ల పాపే.

ఓబుళమ్మ పుంజును పట్టి, కాళ్లు కట్టి, మొగుడి ముందు పడేసింది.

"కొయ్యి."

లింగన్న బిత్తరపోయాడు. "పిచ్చి పట్టిందా ఏమి? ఇది గంగమ్మకు మొక్కిన పుంజు. ఆకుకూర పోతే మళ్లా విత్తనాలు చల్లుకోవచ్చు. అమ్మవారి సొత్తు ముట్టుకుంటామా?"

"మడి కోసరం కాదు. ఏమని మొక్కింటిమి?"

లింగన్న తల దించుకున్నాడు. "పాపకు జరం తగ్గితే ఇస్తామని."

ఓబుళమ్మ పుంజు పక్కనే కూలబడింది.

"ఆ జరంలోనే పాప దీని రసం అడిగింది. అమ్మవారిది, ముట్టగూడదంటి. నీకు తగ్గినాక జమ్మలమడుగు సంతలో ఇంకోటి తెస్తాలే అంటి. సరేనని గోడ పక్కకు తిరిగి పండుకునె."

లింగన్న లేచి చూరులో కత్తి కోసం తడిమాడు.

"పాపకు ఈపొద్దు మూడో దినం," అంది ఓబుళమ్మ. "గుంతకాడికి ఆ రసమే తీస్కపోదాం. కారం ఎయ్యను. జరానికి పాప నోరంతా పుండై ఉండాది."