పదో నంబరు క్రాపు

తమ్ముడు ట్రాలీ ఆటో మాట్లాడుకుని పొద్దున్నే దిగాడు.

“అన్నయ్యా, ఇవాళ కుర్చీ ఎత్తేస్తున్నాం. ఇంకేం చెప్పకు.”

సెలూన్ మాస్టారు కొట్టు తాళం తీసే పనిలో ఉన్నారు. తాళంచెవి వేళ్ల మధ్య ఉందో జారిందో కళ్లతో చూసుకుంటే గానీ ఆయనకి తెలియదు. మూడుసార్లు కింద పడింది. నాలుగోసారి తమ్ముడే వంగి తీసుకుని తలుపు తెరిచాడు.

క్యాన్సర్‌కి మాస్టారికి ఆర్నెల్లు మందులు ఎక్కించారు. అదంతా అయి రెండేళ్లు దాటింది. జబ్బును తరిమిన మందే పోతూ పోతూ వేళ్ల చివర స్పర్శనీ పట్టుకుపోయింది. పాదాలూ అంతే. చెప్పు ఊడిపోతే పదడుగులు నడిచాక గానీ తెలియదు. ఇక బుర్ర సంగతి సరేసరి. దువ్వెన చేతిలోనే ఉంటుంది, దాని పేరు మాత్రం ఎంత వెతికినా దొరకదు.

ముప్పై ఏళ్లు ఆ వీధి వీధంతటికీ క్రాపులు చేసిన చెయ్యి అది. ఆసుపత్రి నుంచి వచ్చి కొట్టు తెరిచిన వారంలోనే ఎదురింటి టైలరు చెవి తెగింది. తెల్లగుడ్డ మీద ఎర్రగా కనపడేదాకా మాస్టారికి తెలియలేదు. టైలరు మంచివాడు, ఒక్కమాట అనలేదు. మళ్లీ రానూ లేదు. అతని వెనకే మిగతావాళ్లూ. మాస్టారు బాధపడతారని పాపం వాళ్లు పక్కవీధిలో క్రాపు చేయించుకుని, చుట్టు తిరిగి ఇళ్లకి పోతారు. కొత్తగా గీసిన మెడల్ని ఆయన ఎంత దూరం నుంచైనా గుర్తుపడతారని వాళ్లకి తోచలేదు.

ఇప్పుడు రోజంతా ఆ పెద్ద అద్దంలో ఆయన మొహం ఒక్కటే ఉంటుంది. పలకరించేవాళ్లు లేక కొన్నిసార్లు దాన్నే పలకరిస్తారు.

“ఫోన్లు బాగుచేసేవాడు కొట్టు అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం. నీ మరదలు నీకు గది కూడా సర్దిపెట్టింది. ఇక్కడ ఈగలు తోలుకుంటూ ఎన్నాళ్లు కూర్చుంటావు?”

“ఒక్క గంట ఆగు. ఇవాళ ఒకటో తారీకు. పదో నంబరు వస్తాడు.”

మందు ఎక్కించే గదిలో కుర్చీలకి నంబర్లుండేవి. తొమ్మిది మాస్టారిది, పది అతనిది. పేర్లు అడగడానికి అప్పుడు ఓపిక లేదు, తర్వాత అవసరం రాలేదు. పదో నంబరు ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. “నేను తట్టని తలుపు లేదు. ఇప్పుడు నా తలుపు తట్టేవాడే లేడు” అని నవ్వుతాడు. మాస్టారి కొట్టుకి ఎవరూ రావడం లేదని తెలిసిన దగ్గర్నుంచి ఒకటో తారీకు తప్పకుండా వస్తున్నాడు.

మాస్టారు లేచి ఫ్యాను ఆపారు.

“ఉక్కపోస్తోంది కదన్నయ్యా!”

“వెంట్రుకలు ఎగురుతాయి.”

పదో నంబరు వస్తూనే గుమ్మంలోంచి కేకేశాడు. “ఏం తొమ్మిదీ, ఉన్నావా?”

“నువ్వు వస్తానంటే ఎక్కడికి పోతాను? కూర్చో.”

“చూశావా, నెల తిరిగేసరికి ఎలా పెరిగిందో! కలుపు మొక్క నయం. మందుకి ఊడిన నా జుట్టొచ్చినట్టే నీకూ వేళ్లొస్తాయి. కాస్త ఓపిక పట్టు.”

మాస్టారు తల ఊపి కత్తెర తీశారు. సాయం చేద్దామని తమ్ముడు నీళ్లు చల్లే సీసా అందుకున్నాడు.

“వద్దు!” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

“జలుబు,” అన్నాడు పదో నంబరు.

ఎడంచేత్తో కుర్చీ పట్టుకుని, కిందికి చూసుకుంటూ, మాస్టారు ఒక్కో అడుగే వేశారు. కుడివైపు అయ్యాక ఆగిపోయారు. ఏ వైపు చేశారో గుర్తులేదు. పదో నంబరు అద్దంలోంచి చూశాడు. ఏమీ ఎరగనట్టు తన ఎడమ చెవి గోక్కున్నాడు. మాస్టారు ఎడమవైపుకి నడిచారు.

“అదివ్వరా… అదే, పళ్లుండేది…”

“పళ్లు నాకూ ఉన్నాయి,” అన్నాడు పదో నంబరు. ముగ్గురూ నవ్వారు. తమ్ముడు దువ్వెన అందించాడు.

గంట పట్టింది. క్రాపు మెట్లు మెట్లుగా వచ్చింది. పదో నంబరు అద్దంలో అటూ ఇటూ చూసుకుని, “పెళ్లికొడుకులా ఉన్నాను” అన్నాడు. బయటికి వెళ్లబోతూ ట్రాలీ ఆటోని చూశాడు. నవ్వు ఆగిపోయింది.

“మళ్లీ ఒకటో తారీకు వస్తాను. ఉంటావుగా?”

“ఉంటాను.”

అతను వీధిలోకి దిగాక తమ్ముడు మెల్లగా అన్నాడు. “ఆయనకి జుట్టొచ్చిందని నీకూ వేళ్లొస్తాయని ఆశపడుతున్నావా అన్నయ్యా?”

“లేదురా. ఇంక రావని పోయిన నెలే డాక్టరు చెప్పేశారు.”



“మరి ఈ కొట్టెందుకు? నెలకి ఒక్క మనిషి కోసమా? ఆయనకి ఊళ్లో ఇంకో సెలూనే దొరకదా?”

పదో నంబరు వీధి మలుపు తిరిగేదాకా మాస్టారు చూస్తూ నిలబడ్డారు. ఆ తర్వాత ఫ్యాను వేశారు.

“నెలకో కొత్త విగ్గు పెట్టుకొచ్చేవాడికి ఇంకెవరు క్రాపు చేస్తారురా?”